బానలో నాలుగు రసాలు

"ఎవరు పెట్టారో చెప్పండి. చెప్పిందాకా పొయ్యి రాజెయ్యను."

మంగమ్మ ఆ మాట అనడం అది మూడోసారి. మొదటిసారి అరిచింది. రెండోసారి ఏడ్చింది. ఇప్పుడు గొంతులో అరుపూ లేదు, ఏడుపూ లేదు.

వాకిట్లో ఈతచాప మీద బాన బోర్లించి ఉంది. అందులోంచి పడ్డవి బియ్యమని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. నడుమ నల్లటి ముద్ద, దాని చుట్టూ బూజు, గడ్డకట్టిన గింజలు, గింజల మధ్య మెసిలే పురుగులు. ముద్దలోంచి నాలుగు మామిడి టెంకలు పీచుతో సహా పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి.

పులిసిన కల్లు వాసన వాకిలంతా కమ్ముకుంది. నెలన్నరగా ఆ వాసన ఇంట్లో ఉంటూనే ఉంది. కానీ నూజివీడు చుట్టుపట్ల ఊళ్ళలో జ్యేష్ఠం, ఆషాఢం రెండు నెలలూ ఆ వాసన లేని ఇల్లేది? తోటల్లో రాలిన కాయ కుళ్ళుతుంది, రోడ్డు పక్క గంపల్లో మిగిలిన కాయ కుళ్ళుతుంది. గాలే అలా ఉంటుంది. మంగమ్మ కూడా గాలే అనుకుంది.

పోతురాజు గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. పెళ్ళాం చూపు తనమీదే ఆగేసరికి అతనికి ఒళ్ళు మండింది.

"నావంక చూస్తావేంటి?"

"చెట్టెక్కేది నువ్వేగా మావా. కాయ కోసే చిక్కం కర్ర నీ చేతిలోదేగా."

"చెట్టెక్కేవాడికి పండు కావాలంటే కొమ్మ మీదే కూచుని తింటాడు. టెంక అక్కడే పారేస్తాడు. ఇంటికి తెచ్చి నీ బియ్యంలో మాగేసుకుంటాడంటే? నీ బాన ముట్టుకునే ధైర్యం ఈ ఇంట్లో ఎవడికుందే?"

"ధైర్యం లేకపోతే అవి నడిచొచ్చి దూకాయా?"

"దూకాయేమో. నీకు భయపడి తోటలోంచి పారిపోయొచ్చాయేమో."

ఇంకోరోజైతే ఆ మాటకి భారతి నవ్వేది. ఇవాళ నవ్వలేదు. పదకొండేళ్ళ పిల్ల, చాప అంచున గొంతుక్కూచుని పలక మీద తడి బట్టతో తుడిచిందే తుడుస్తోంది. పలక మీద ఏమీ లేదు.

"భారతీ, నువ్వా?"

"కాదమ్మా."

అత్త అచ్చమ్మని మంగమ్మ అడగలేదు. ముసలమ్మని అడగాలని తోచనేలేదు. బాన నిండాలని మంగమ్మ అన్ననాడు, ముప్ఫై ఏళ్ళ అలవాటు ఆకూ వక్కా మానేసిన మనిషి ఆవిడ. మానేసి, వక్కకి బదులు చింతగింజ బుగ్గన పెట్టుకుని పదకొండు నెలలు గడిపింది.

అచ్చమ్మ చేట ముందు పెట్టుకుని, ముద్ద పక్కనున్న గింజల్లో తెల్లవి ఏరుతోంది.

"ఏరితే మానికైనా దొరక్కపోవు," అంది, ఎవరినీ చూడకుండా.

"ఏరకు అత్తా. నడుం నొప్పంటావు మళ్ళీ."

"ఏరనీవే." ఆవిడ చెయ్యి ఆగింది. "ఏరనీ. పెట్టింది నేనేగా."

పక్కింటి దూడ అరిచింది.

"ఏంటత్తా నువ్వంటున్నది?"

"నేనే పెట్టానే. కోత ఆఖరిరోజున."

కోత ఆఖరిరోజున గుత్తదారు కూలివాళ్ళకి తలా పది కాయలు ఇవ్వడం ఆ తోటలో ఆనవాయితీ. మొగుడూ పెళ్ళాం అత్తా ముగ్గురూ పనిచేశారు గనక ఈ ఇంటికి ముప్ఫై చిన్నరసాలు వచ్చాయి. అన్నీ ఆగిరిపల్లి తీసుకెళ్ళి అమ్మాలని మంగమ్మ ముందే అనుకుంది. ఏడాది పొడుగునా మామిడి చెట్ల కింద బతికినా, ఆ ఇంట్లో నోటికి పండు అందేది ఆ ఒక్క రోజే. ఈసారి ఆ రోజు కూడా లేదంది మంగమ్మ. గంపలో లెక్క చూసుకుంటే ఇరవయ్యారే ఉన్నాయి.

ఆ నాలుగు కాయల కోసం ఆమె గుత్తదారు గుమాస్తా మీద పడింది. పదిమందిలో కొంగు బిగించి, "కూలోళ్ళ నోటికాడ కాయలు తిని బాగుపడతావా?" అని అడిగింది. అతను దేవుడి మీద ఒట్టేశాడు. ఆమె నమ్మలేదు.

"ఏరువాక పున్నమికి తీసి పిల్లకి పెడదామనుకున్నా," అంది అచ్చమ్మ. "ఐదు రోజులేగా, బియ్యంలో పెడితే చక్కగా మాగుతాయి, పున్నమినాడు నువ్వు పుట్టింటికి వెళ్తానన్నావు, ఆ పూట తీద్దామని. నువ్వు బియ్యం పోస్తుండగా మధ్యలో వేపాకు తెమ్మని పిల్లని పంపావు చూడు. నువ్వు వాకిట్లో మిగతా బియ్యం చెరుగుతున్నావు. అప్పుడు చెయ్యి దూర్చి పెట్టాను."

"మరి తియ్యలేదేం?"

"నువ్వు పుట్టింటికి వెళ్ళలేదుగా."

నిజమే. బస్సు చార్జీ దండగని మంగమ్మ వెళ్ళలేదు. పున్నమి సాయంత్రమే బాన మీద మూకుడు బోర్లించి, పేడా మట్టీ కలిపి చుట్టూ మెత్తి, తడి ఆరకముందే దాని మీద తన అరచెయ్యి గుర్తు వేసింది. ఎవరు తీసినా తెలిసిపోతుంది. ఇంట్లో గింజలన్నీ అయిపోయిన నాడు తప్ప తియ్యకూడదని అందరికీ చెప్పింది. ఆ రోజు ఇవాళ వచ్చింది.

"నోటితో చెప్పొచ్చుగా అత్తా! ఒక్క ముక్క చెబితే తీసి పారేసేదాన్నిగా!"

"చెబుదామనే వచ్చాను. నువ్వప్పుడే గుమాస్తాని తిట్టి వచ్చి, నలుగురికీ ఆ కథే చెబుతున్నావు. నాలుగు కాయలకి ఎన్ని కొత్త పైసలు వస్తాయో, వాటితో ఎంత ఉప్పు వస్తుందో చెబుతున్నావు." అచ్చమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రేపు చెబుదాంలే అనుకున్నా. తర్వాత, బియ్యంలో ఎండి ఒరుగులైపోతాయిలే అనుకున్నా. వేపాకు ఉందిగా అనుకున్నా. రోజూ ఏదో ఒకటి అనుకున్నానే అమ్మాయ్."

మంగమ్మ బాన పక్కనే కూచుంది.

ఆమెకి కోపం రావాల్సిన చోట రాలేదు. వచ్చింది భయం. ఆ బాన ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు.

మామిడికాయ కోత అయిపోయాక చెరువు నిండి నాట్లు పడేదాకా ఆ ఊళ్ళో కూలి ఉండదు. ఆ రెండు నెలలూ కూలివాళ్ళు ఊరి మోతుబరి బసవపున్నారావుగారింట్లో ధాన్యం నాగుకి తెచ్చుకుంటారు. బస్తా తెచ్చుకుంటే కోతలప్పుడు బస్తాన్నర కొలవాలి. నిరుడు అదీ కొలవలేక, భారతిని రెండు నెలలు వాళ్ళింట్లో పనికి పెట్టారు. తిరిగొచ్చిన పిల్ల బడిలో వెనకబడి, మాస్టారి చేత మళ్ళీ నాలుగో క్లాసులోనే కూచోబెట్టించుకుంది. ఈసారి బసవపున్నారావుగారి భార్య పున్నమ్మగారు ముందే కబురు చేసింది. మనవణ్ణి ఎత్తుకోడానికి పిల్ల కావాలట. రెండు నెలలకి కాదు, వచ్చే మామిడికాయ దాకా.

బాన నిండితే నాగు అక్కర్లేదు. నాగు అక్కర్లేకపోతే పిల్ల ఐదో క్లాసుకి వెళ్తుంది. మంగమ్మ పదకొండు నెలలు పట్టుకున్నది ఈ ఒక్క దారం కొసనే.

*

పిడికెడు బియ్యం ఒకనాడు తీసి పక్కన పెట్టడం ఎవరైనా పెడతారు. రెండు పూటలా, మూడొందల రోజులు, ఎసట్లో పోసేముందు తీసి ముంతలో వెయ్యాలి. ఆకలితో ఉన్న మనుషుల ముందు తియ్యాలి. వాళ్ళ చూపులు చేతిమీద పడుతుంటే తియ్యాలి. అందులోనే ఉంది కష్టమంతా.

పొద్దుండగానే తినేసి దీపం వెలిగించకుండా పడుకున్నారు. తాలింపులో నూనె చుక్క పోయి, చుక్క వాసన మిగిలింది. పోతురాజు రోజుకి నాలుగు చుట్టలు కాల్చేవాడు ఒకటికి వచ్చాడు. ఆ ఒక్కటీ మూడుసార్లు ఆర్పి మూడుసార్లు వెలిగించేవాడు.

మాఘమాసంలో అందరికీ విసుగొచ్చింది. అప్పుడు మంగమ్మకి ఒక ఉపాయం తోచింది. అమావాస్యకి అమావాస్యకి ముంతలో బియ్యం బానలో పోశాక, అందర్నీ పిలిచి బాన మీద వేళ్ళతో కొట్టించేది. ఖాళీ బాన ఖంగుమంటుంది. నిండేకొద్దీ మొద్దుగా పలుకుతుంది. "ఇదిగో, ఇక్కడిదాకా వచ్చింది," అని చూపించేది. భారతి చెవి ఆనించి విని, "ఇంకో జానెడే నాన్నా," అనేది. ఆ రాత్రికి పస్తు పస్తులా ఉండేది కాదు.

పోతురాజైతే మెత్తాక కూడా వచ్చేపోయేప్పుడు బానని ఒకసారి తట్టి వెళ్ళేవాడు, ఎద్దు మెడ నిమిరినట్టు.

*

బియ్యం కడిగారు. బూజు గింజ నీళ్ళ మీదికి తేలింది, తక్కినవి రంగు మారి అడుగున నిలిచాయి. ఎనిమిది కుంచాల బియ్యానికి కుంచం కూడా దక్కలేదు. అదైనా వాసన పోయేలా ఎండబెడదామంటే పదింటికల్లా మబ్బు కమ్మి చినుకులు మొదలయ్యాయి. చాప లోపలికి లాగారు.

చూరు కింద కూచుని పోతురాజు చుట్ట వెలిగించాడు. అది కాలుస్తూనే రెండోది తీసి చెవి వెనక పెట్టుకున్నాడు.

మంగమ్మ చూసింది.

"చూడు, బాగా చూడు. రెండోది కూడా కాలుస్తాను. మూడోది కొట్లో అరువడిగి తెచ్చుకుంటా."

"నేనేమన్నానని?"

"అనవు. చూస్తావు. పదకొండు నెలలు చూశావుగా."

"మళ్ళీ మొదలెడదాం మావా. ఈ గడ్డు రోజులు ఎట్టాగో దాటితే నాట్లు పడతాయి. అప్పట్నుంచీ పొద్దున పిడికెడే తీద్దాం. సాయంత్రం వద్దు."

"ఎవరు మొదలెట్టేది?"

"మనమే."

"నన్ను కలపకు." అతను పొగ వదిలాడు. కోపంగా లేడు, అదే ఆమెని భయపెట్టింది. "నీ మాట విని నోరు కట్టుకున్నానని అనుకుంటున్నావేమో. కాదు. ఆ బాన మాట విని కట్టుకున్నా. తట్టినప్పుడల్లా మొద్దుగా పలుకుతుంటే, ఆహా నిండుగా ఉంది, నా కూతురు బడికి పోతుంది అనుకుని పోయేవాణ్ణి. కుళ్ళినా మొద్దుగానే పలుకుతుందని నాకేం తెలుసే?"

మంగమ్మ చాప మీది తడి గింజలు చేత్తో పలచగా సర్దింది.

"ఇంకెప్పుడూ వినబుద్ధి కాదు," అన్నాడు పోతురాజు. "నువ్వు బంగారం పోసి నింపినా తట్టబుద్ధి కాదు."

లోపల అచ్చమ్మ దగ్గు వినిపించింది. దగ్గు కాదేమో. ఎవరూ లేచి చూడలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా మంగమ్మ అటక మీంచి ఒరుగుల మూట దించింది. గాలివానకి రాలిన పచ్చికాయలు కూలివాళ్ళు ఏరుకోవచ్చు. వాటిని చెక్కుతీసి, ముక్కలు కోసి, ఉప్పు పట్టించి ఎండబెట్టింది. ఇంట్లో పులుసుకి కూడా వాడకుండా దాచింది. ఆగిరిపల్లిలో శెట్టిగారు కొంటే రెండు కుంచాల నూకలైనా రావాలి. రెండు కుంచాలకి పది రోజులు. పది రోజుల్లో వానలు గట్టిగా పడితే నాట్లు.

ఇవాళ్టికి ఇవాళే తేలాలి. రేపు శుక్రవారం, పున్నమ్మగారింట్లో గింజ గడప దాటదు. ఎల్లుండి అమావాస్య, ఆ రోజూ కొలవరు. "గురువారం దీపాలు పెట్టేలోపల పిల్లని తీసుకొస్తే సరే. లేదంటే రెడ్డిగూడెం నుంచి ఇంకో పిల్లని మాట్లాడుకుంటాం, ధాన్యం కూడా వాళ్ళకే," అని ఆవిడ నాలుగు రోజుల నాడే చెప్పింది. మంగమ్మ అప్పుడు నవ్వి, "మాకు అక్కర్లేదు లెండి అమ్మగారూ, దేవుడి దయవల్ల బాన నిండుగా ఉంది," అని వచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు మొహం మాడిపోతోంది.

మూట నెత్తికెత్తుకుంటుంటే భారతి వచ్చి గుమ్మంలో అడ్డం నిలబడింది.

"నేనూ రానా అమ్మా?"

"వద్దు. నాయనమ్మ దగ్గరుండు. ఏదో ఒకటి మాట్లాడించు."

"అమ్మా."

"ఏంటే? పొద్దు పోతోంది."

"రసం పండు తినాలనుందని నాయనమ్మని అడిగింది నేనే." పిల్ల గడపవంక చూస్తూ అంది. "తోటలో గంపలెత్తుతున్నప్పుడు. ఒక్కటే అన్నాను. నాలుగు పెట్టమని నేననలేదు."

మంగమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఏదైనా అనాలి. పోనీలే అనాలి, లేకపోతే నాలుగు తిట్టాలి. ఏదన్నా పిల్లకి ఊపిరి తిరిగేది. కానీ ఆమె వానవంక చూసింది. తల మీద మూట సర్దుకుని, పిల్లని పక్కకి తప్పించి, వానలోకి దిగింది.

*

"ఈ వారంలో నువ్వెన్నోదానివో తెలుసా?" అన్నాడు శెట్టిగారు. మూటలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీసి వంచి చూశాడు. అది విరగలేదు, వంగింది. "మెత్తబడ్డాయి."

"వానలో వచ్చానండీ. ఇంట్లో గలగలలాడుతున్నాయి."

"నా కొట్లో గలగలలాడాలిగా అమ్మా. వెనక గదిలోకి వెళ్ళి చూడు, ఒరుగుల మీద పడుకోవచ్చు. బెజవాడ వాళ్ళు ఈ ఏడు అడగడమే లేదు."

"రెండు కుంచాల నూకలిప్పించండి."

"ఎవరికి, నీకా, ఊరందరికా?" నవ్వాడు. మంచివాడే, నవ్వులో చెడ్డతనం లేదు. "రెండు మానికలు ఇస్తా, అరకుంచం. అదైనా నువ్వు నిరుడు బాకీ పెట్టలేదని."

"మూడు చెయ్యండి."

"రెండే అంటున్నా కదమ్మా."

"ఈ ఏడంతా మీ కొట్లో కిరసనాయిలు అరువడగలేదండీ. ఒక్కసారీ అడగలేదు."

"అందుకేనమ్మా, నీబోటివాళ్ళు నలుగురుంటే నా కొట్టు మూసుకోవాలి," అన్నాడు శెట్టిగారు. అని, పాపం, నూకలు కొలిచాక ఉసిరికాయంత బెల్లం ముక్క తీసి కొసరుగా చేతిలో పెట్టాడు.

కొసరు ఎప్పుడూ ఇంటికే తీసుకెళ్ళేది మంగమ్మ. కొంగున ముడేసి తెచ్చి నలుగురికీ నాలుగు ముక్కలు చేసేది. ఊరి దారిలో సగం నడిచాక వాన ఎక్కువైంది. దారి పక్క తోటలో ఒక చెట్టు కింద నిలబడింది. కొమ్మల్లో ఒక్క కాయ లేదు. పొద్దుటినుంచీ కడుపులో మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు.

కొంగు విప్పి చూసింది. బెల్లం తడికి కరగడం మొదలెట్టింది. కరిగి పోతుందిగా అనుకుంది. ఎలాగూ ఇంటికి చేరేసరికి ఏముంటుంది అనుకుంది. నోట్లో వేసుకుంది.

అదంతా అయ్యాక కొంగున అంటిన తీపిని కూడా చప్పరించింది. అప్పుడు గుర్తొచ్చింది, తను చేస్తున్నదేంటో. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఎవరైనా అడిగితే శెట్టి ఈసారి కొసరు వెయ్యలేదని చెప్పాలనుకుంది. ఆ అబద్ధం అంత తేలిగ్గా, అంత సిద్ధంగా నాలుక మీదికి వచ్చేసరికి ఆమెకి అచ్చమ్మ మొహం కనిపించింది. నెలన్నరపాటు రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్న మొహం.

ఇంటికెళ్ళగానే అత్తతో ఒక మాట అనాలనుకుంది. ఏ మాటో తెలియలేదు గాని, అనాలనుకుంది. పిల్లని కూడా దగ్గరికి తీసుకోవాలి. నూకలు కాస్త ఎక్కువే పోసి జావ కాయాలి ఇవాళ. పిడికెడు తియ్యకూడదు. పొద్దున్నుంచీ అందరూ పస్తే.

వాన తగ్గకముందే బయల్దేరింది.

*

గుమ్మం ముందు ధాన్యం గోతం ఉంది.

సగం పైగా నిండి, మూతి గట్టిగా బిగించి, చూరు కింద నిలబెట్టి ఉంది. దానికి వీపు ఆనించి అచ్చమ్మ కూచుంది, రెండు చేతులూ వెనక్కి చాచి గోతాన్ని పట్టుకుని. చూరు నీళ్ళు ఆవిడ మోకాళ్ళ మీద పడుతున్నాయి. జరగడంలేదు.

అరుగు మీద నరసింహులు కూచున్నాడు. బసవపున్నారావుగారి దగ్గర ఇరవై ఏళ్ళనుంచీ పాలేరు. తలమీద గోనెపట్టా కొప్పెర వేసుకుని, చలికి ముడుచుకుని ఉన్నాడు. పోతురాజు దూరంగా, పశువుల్లేని పాక దగ్గర తల పట్టుకుని కూచున్నాడు.

"ఏంటిది?" అంది మంగమ్మ. నెత్తిమీద మూట దించలేదు.

నరసింహులు పోతురాజువంక చూశాడు.

"మావా, ఏంటిదంటున్నా?"

"నేను పంపలా," అన్నాడు పోతురాజు తల ఎత్తకుండా. "ఒట్టు. నేను చుట్టకని ఊళ్ళో కొట్టు దాకా వెళ్ళి వచ్చేసరికి పిల్ల లేదు."

"అత్తా?"

"నేనూ పంపలేదమ్మా." అచ్చమ్మ గొంతు అరిగిపోయినట్టుంది. "నాకు చెప్పను కూడా చెప్పలా. జడేసుకుంటుంటే మధ్యాహ్నం బడికనుకున్నా. పలక గూట్లో పెట్టి వెళ్ళింది, అప్పుడైనా తెలియలేదు నా మొద్దు బుర్రకి."

మంగమ్మ గూటివంక చూడలేదు. చూసే అవసరం లేదు.

"తనే వచ్చింది మంగమ్మా," అన్నాడు నరసింహులు. "ఒక్కతే, వానలో తడుస్తా. గుమ్మంలో నిలబడి, మా అమ్మ పంపింది, వచ్చే మామిడికాయ దాకా ఉంటాను, ధాన్యం ఇవాళే కొలవండి, రేపు శుక్రవారం అంది. పెద్దమనిషి చెప్పినట్టే చెప్పింది. అమ్మగారు మురిసిపోయింది. అర్ధభాగం ఇవాళ కొలిచారు, మిగతాది అమావాస్య వెళ్ళాక."

"నేను పంపలేదు."

"అది నాకేం తెలుసమ్మా."

"ముడి నేను విప్పనివ్వలేదు," అంది అచ్చమ్మ. "వాడు విప్పబోతే గసిరాను. నువ్వొచ్చిందాకా ముట్టొద్దన్నా. ఈసారి నీకు చెప్పకుండా ఏదీ జరగనివ్వకూడదని ఇట్టా కూచున్నా."

మంగమ్మ మూట దించింది. అత్తతో అనాలనుకున్న మాట ఏదో గొంతు దాకా వచ్చింది గాని, ఆ గోతం ముందు దానికి చోటు లేకపోయింది.

"లేవత్తా. మావా, ఇట్రా. దీన్ని నా నెత్తికెత్తు."

పోతురాజు లేచాడు. రెండడుగులు వేశాడు. గోతం దగ్గర ఆగిపోయాడు.

"ఎత్తు. దీపాలు పెట్టకముందే ఇచ్చేసి పిల్లని తెచ్చుకుందాం."

"ఏం తెచ్చావు ఆగిరిపల్లి నుంచి?"

"నూకలు."

"ఎన్ని?"

మంగమ్మ మూటని చూరు లోపలికి జరిపింది. అతను మూటవంక చూశాడు. మూట చిన్నది, చూస్తేనే తెలుస్తుంది.

"తిరిగిచ్చేస్తే పిల్ల వస్తుంది," అన్నాడు పోతురాజు మెల్లిగా. "వచ్చాక? ఆదివారం నాడు దాని కంచంలో ఏం పెడతావు? అది చెప్పు, ఎత్తుతా."

"నువ్వు ఎత్తు ముందు."

"చెప్పు మంగా."

చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి. అచ్చమ్మ లేచి, గోతానికి ఒక పక్క చెయ్యి వేసింది. ఎత్తుదామని వేసిందో, నిలబడలేక వేసిందో తెలియలేదు. ధాన్యం కదల్లేదు.

మంగమ్మ నరసింహులు వైపు తిరిగింది.

"పిల్ల ఏడుస్తోందా?"

"లేదమ్మా."

"ఏం చేస్తోంది?"

"ఏం చేస్తుంది, ఇప్పుడే వచ్చిందిగా. అమ్మగారు తల తుడిచి పొడి గౌను ఇచ్చింది. అన్నం పెట్టింది."

"తిందా?"

"తింది." నరసింహులుకి ఆ ప్రశ్నలో ఉన్నదేంటో తెలియదు. మంచి మాట చెబుతున్నాననే అనుకున్నాడు. "పప్పూ, పెరుగూ వేసుకుని తింది. ఇంకాస్త పెట్టమంటావా అంటే తలూపింది. మళ్ళీ పెట్టారు, అదీ తింది. మూడోసారి అడగడానికి సిగ్గుపడి కంచం చూసుకుంటూ కూచుంటే అమ్మగారే నవ్వి వేసింది."

మంగమ్మ చెయ్యి గోతం మీద ఉంది. ఆ చెయ్యి తీయలేదు, బిగించలేదు.

పోతురాజు మొహం అటు తిప్పుకున్నాడు.

పాలేరు ఆకాశంవంక చూశాడు. పడమట వెలుగు సన్నగిల్లిపోతోంది. దూరంగా పెద్దింటి అరుగు మీద లాంతరు ఇంకా వెలగలేదు గాని, ఎంతోసేపు లేదు. అతను లేచి కొప్పెర సర్దుకున్నాడు.

"ఆలస్యమైతే నన్ను కేకలేస్తారు మంగమ్మా. ధాన్యం పోసుకుని ఖాళీ గోతం ఇస్తారా, ఇట్టాగే ఎత్తుకుపొమ్మంటారా?"